అకౌంట్స్ పని తప్ప ఇంకేమీ రాదు, ఆన్‌లైన్ మార్కెటింగ్‌కి ఏ నిష్ (సైట్‌కి ఎంచుకునే ప్రత్యేక విషయం) తీసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అఫిలియేట్ మార్కెటింగ్ (వేరేవాళ్ల వస్తువులకి మన సైట్‌లో లింకు ఇచ్చి, అమ్మకం జరిగితే కమిషన్ తీసుకోవడం) మొదలుపెడదామని ఆరు నెలలుగా అనుకుంటున్నాను, ఏ నిష్ అన్నదే తేలడం లేదు. ఏ వీడియో చూసినా ఆరోగ్యం, డబ్బు సంపాదన, వీటిలోనే ఆదాయం అంటున్నారు. బరువు తగ్గడం మీద సైట్ పెట్టమని ఫ్రెండ్ చెప్తే డొమైన్ కొనబోయి ఆగాను. నేను 11 ఏళ్లుగా అకౌంట్స్‌లో ఉన్నాను, రోజంతా ఎక్సెల్‌తోనే పని. ఇది కూడా ఒక టాపిక్ అవుతుందా?

జవాబు:
ఆగి మంచి పని చేశారండి. బరువు తగ్గడం మీద నేను సైట్ పెట్టి, 40 దాకా వ్యాసాలు రాశాను, అన్నీ ఎక్కడో చదివి మళ్లీ నా మాటల్లో రాసినవే. ఒకావిడ "థైరాయిడ్ మందు వాడుతున్నాను, ఈ డైట్ చేయొచ్చా" అని అడిగారు. నాకేం తెలుసు? తప్పు చెప్తే ఆవిడ ఆరోగ్యం పాడవుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, వారంలో సైట్ తీసేశాను.

నా అసలు పని కుట్టు మిషన్ల రిపేరు. దారం మాటిమాటికీ తెగుతోంది, కింద కుట్టు వదులుగా పడుతోంది, ఇలాంటివి రోజూ వినేవాణ్ణి, కానీ ఇవి రాయాల్సిన విషయాలని ఎప్పుడూ అనిపించలేదు. సూది అరిగిందా, బాబిన్ సరిగ్గా కూర్చుందా, దారం టెన్షన్ ఎంత ఉంది అని వరసగా ఏం చూడాలో రాస్తే జనం చదివారు, ఆ సూదులూ బాబిన్లూ ఎక్కడ కొనాలని వాళ్లే అడిగారు.

సెర్చ్ ఫలితాల నాణ్యత చూసి మార్కులు వేసే క్వాలిటీ రేటర్లకి గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో ఆరోగ్యం, డబ్బు లాంటివాటిని 'యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్' (మీ డబ్బు లేదా మీ జీవితం) అని విడిగా, గట్టిగా చూడమంటారు. 2022 డిసెంబర్‌లో వాటిలో ఎక్స్‌పీరియన్స్ అనే మాట కూడా చేర్చారు, అంటే రాసినవాళ్లకి ఆ పనిలో సొంత అనుభవం ఉందా అని. రేటర్లు వేసే మార్కులతో మన పేజీ నేరుగా పైకి పోవడం, కిందకి రావడం ఉండదు, కానీ గూగుల్ దేన్ని మంచి పేజీ అనుకుంటుందో అర్థమవుతుంది.

ఇంకొకరు:
ఎక్సెల్ మీద మాత్రం వద్దండి. వీలుకప్, పివట్ టేబుల్ లాంటి ఎక్సెల్ సదుపాయాలకి మైక్రోసాఫ్ట్ సహాయ పేజీలే ఉన్నాయి, పాత పెద్ద సైట్లు ఉన్నాయి. కొత్త సైట్ వాటి మధ్య కనపడదు.

జవాబు:
ఎక్సెల్ మొత్తం తీసుకుంటే ఆయన చెప్పింది నిజమే, అందుకే చిన్నది చేసుకోవాలి. ప్రశ్న అడిగినాయన ఒక పని చేయండి. మీ వాట్సాప్, ఆఫీసు మెయిల్ తెరిచి గత ఏడాదిలో తోటివాళ్లు "కాస్త ఇది చూసిపెట్టవా" అని పంపినవన్నీ ఒక షీట్‌లో రాయండి. ఏది ఎక్కువసార్లు వచ్చిందో చూడండి. మీకు తేలికైన పని కాబట్టి అది మీ నైపుణ్యమని మీకే తెలియదు, మనలో చాలామందికి ఇదే ఇబ్బంది.

అడిగిన వ్యక్తి:
చూశానండి, ఆశ్చర్యంగా ఉంది. 31 మెసేజ్‌లుంటే 14 ఒకటే విషయం, బ్యాంక్ స్టేట్‌మెంట్‌నీ లెడ్జర్‌నీ (మన లెక్కల పుస్తకాన్నీ) పోల్చి తేడా ఎక్కడుందో పట్టుకోవడం, అదే రీకన్సిలియేషన్. కానీ దీనికోసం వెతికేవాళ్లు ఉంటారా? దీంతో ఏం అమ్ముతాను?

జవాబు:
వెతుకుతున్నారో లేదో, ఏ మాటని జనం ఎంత వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో చూడండి, కానీ అందులో కనపడే 0 నుంచి 100 అంకె మనుషుల సంఖ్య కాదు, పోలిక మాత్రమే. గూగుల్ యాడ్స్‌లో ఉండే కీవర్డ్ ప్లానర్ కూడా, నెలకి ఎన్నిసార్లు వెతుకుతారన్నది, యాడ్స్‌కి డబ్బు పెట్టనివాళ్లకి మామూలుగా వెయ్యి నుంచి పదివేలు అన్నట్టు ఉజ్జాయింపే చూపిస్తుంది. నేనైతే ఈ రెంటికంటే ముందు గూగుల్‌లో ఆ ప్రశ్న టైప్ చేసి, పైన వచ్చిన పది పేజీలూ చదువుతాను. నెలాఖరుకి తేడా తేలక కూర్చున్న మనిషికి వాటిలో జవాబు దొరక్కపోతే మీకు చోటున్నట్టే.

ఇక అమ్మడం. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ల అఫిలియేట్ ప్రోగ్రాములు ఉన్నాయి, మీరు స్వయంగా వాడినవాటికే లింకు ఇవ్వండి, కమిషన్ వస్తుందని పేజీలోనే చెప్పండి. మీరు ఆఫీసు బయట విడిగా తయారుచేసిన రీకన్సిలియేషన్ టెంప్లేట్ ఉంటే అది అమ్ముకోవడం ఇంకా నయం. అమెజాన్ వాళ్ల అఫిలియేట్ ప్రోగ్రాం అమెజాన్ అసోసియేట్స్‌లో తొందరపడి చేరకండి, 180 రోజుల్లో మూడు అమ్మకాలైనా రాకపోతే ఖాతా మూసేస్తారు. చదివేవాళ్లు కొంచెం వచ్చాక చేరితే చాలు.

అడిగిన వ్యక్తి:
థాంక్సండి, చాలా ధైర్యం వచ్చింది. మొదటి వ్యాసం ఈ వారమే రాస్తాను. డొమైన్ పేరులో ఎక్సెల్ పెట్టుకోవచ్చా?

జవాబు:
వద్దండి, అది మైక్రోసాఫ్ట్ ట్రేడ్‌మార్క్, తర్వాత పేరు మార్చుకోవాల్సి వస్తే కష్టం. లెడ్జర్, లెక్క ఇలాంటి మాటలతో చూడండి. వ్యాసం రాశాక ఆ 14 మెసేజ్‌లు పంపినవాళ్లలో ఒకరికి పంపి, మిమ్మల్ని అడక్కుండా తేడా పట్టుకోగలిగారో లేదో కనుక్కోండి, ఎక్కడ ఆగిపోయారో ఇక్కడ పెడితే చూద్దాం.