సిడ్నీకి పంపిన ఖైదీ: ఒకే పేరుతో ఇద్దరు కనిపిస్తే తేల్చడమెలా?

ప్రశ్న (విజయనగరం)

డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. 1820లలో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో దొంగతనం రుజువై, ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష పడిన ఒక యువకుడి జీవితాన్ని మా విద్యార్థిని ప్రాజెక్టుగా ఎంచుకుంది. 1674 నుంచి 1913 వరకు ఆ కోర్టు విచారణల సంపుటాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నందున, సాక్షుల మాటలతో సహా అక్కడి కథ తేలికగానే తెలిసింది. చిక్కంతా అతడు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ చేరాకే మొదలైంది. అదే పేరు, ఇంచుమించు అదే వయసు గలవారు 1828 జనాభా లెక్కల్లో ఇద్దరున్నారు. మనవాడెవరో తేల్చేదెలా? శిక్ష ముగిశాక ఇంగ్లండుకు తిరిగి వెళ్లాడేమో తెలుసుకునే దారి ఉన్నదా?

జవాబు 1 (శ్రీకాకుళం)

మాస్టారూ, పేరును పక్కన పెట్టి ఓడను పట్టుకోండి. అక్కడి కాగితాల్లో ఖైదీ పేరు పక్కన అతడు వచ్చిన ఓడ పేరు, వచ్చిన సంవత్సరం ఏళ్ల తరబడి వెంట వస్తూనే ఉంటాయి. 1828 లెక్కల్లోనూ అవి ఉన్నాయి. లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్.ఓ. 11 అనే దస్త్రాల వరుసలో ఓడల వారీ రిజిస్టర్లు ఉన్నాయి. ఏ ఓడలో ఎవరెవరిని ఎక్కించారో, ఎవరికి ఎక్కడ, ఎప్పుడు, ఎన్నేళ్ల శిక్ష పడిందో వాటిలో చూడవచ్చు. విచారణ తేదీతో సరిపోలిన ఓడే మీ వాడిది. ఒకే ఓడ పలుమార్లు ఖైదీలను తెచ్చిన సందర్భాలున్నాయి కనుక సంవత్సరాన్ని మాత్రం విడిచిపెట్టకండి.

జవాబు 2 (విజయనగరం)

ఇద్దరూ ఒకే ఓడలో వచ్చి ఉంటే ఒంటిమీది గుర్తులే శరణ్యం. ఏడేళ్లు పూర్తి చేసినవాడికి ఇచ్చే విముక్తి పత్రంలో ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు, మశూచి మచ్చలు, చేతిమీది లంగరు పచ్చబొట్టు వంటివి కూడా రాసేవారు. అంతకుముందే, సాధారణంగా నాలుగేళ్లకు, సత్ప్రవర్తన గలవారికి 'టికెట్ ఆఫ్ లీవ్' దక్కేది. దానితో సొంతంగా పని చూసుకోవచ్చు గానీ కేటాయించిన జిల్లా దాటకూడదు. కాబట్టి 1828 నాటి నివాసాన్ని ఆ జిల్లాతో పోల్చి చూడండి.

శిక్ష ముగిసినవాడు తిరిగి వెళ్లవచ్చు, అయితే ఓడ ఛార్జీ తానే పెట్టుకోవాలి. అందుకే ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. మీవాడు పెళ్లికి అనుమతి కోరాడా, భూమి తీసుకున్నాడా, ఎక్కడ మరణించాడు అన్నవి ముందు వెతకమంటాను. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి వెబ్‌సైట్ 'ట్రోవ్'లో అప్పటి వార్తాపత్రిక సిడ్నీ గెజిట్ పాత సంచికలున్నాయి. వంశవృక్షాల వెబ్‌సైట్లలో ఎవరో అతికించిన వివరాలను మాత్రం ఆధారంగా తీసుకోవద్దు. ఒకడి నేరాన్ని మరొకడి సంతానానికి అంటగట్టడం అక్కడ మామూలే.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలండీ. మన ప్రాంతపు ఖైదీలను ఇదే పద్ధతిలో వెతకవచ్చునా?

జవాబు 1

మద్రాసు ప్రెసిడెన్సీలో సైనిక కోర్టు శిక్షించిన తెల్ల సిపాయిలు కొందరు సిడ్నీ చేరారు. వారికి పద్ధతి ఇదే. మనవారి సంగతి వేరు. వారిని పినాంగ్ (నేటి మలేసియాలోని దీవి) వంటి చోట్లకు, 1858 నుంచి అండమాన్‌కు పంపేవారు. ఆ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. 1936కు ముందు శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది గనుక ఆ జిల్లా పేరుతోనే దస్త్రాలు అడగండి.