అప్‌డేట్: అరకు వెళ్లొచ్చాం, బండి క్షేమం

హైదరాబాద్ నుంచి అరకుకి బండి మీద వెళ్తున్నా, రాత్రిళ్లు లాడ్జి బయట పెడితే పోకుండా ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అన్నలందరికీ చాలా థ్యాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది తాళం వేసే ఇనుప చైన్ గురించి చెప్పిన మాట. దాన్ని వెనక చక్రంలోంచి దూర్చి, కదలని దానికి, నేలకి ఆనకుండా బిగించమన్నారు. చైన్ నేల మీద ఉంటే దొంగలు కట్టర్ పిడి ఒకటి నేలకి ఆనించి, ఒంటి బరువంతా వేసి తెంపేస్తారట. లాడ్జి మెట్ల పక్కన సిమెంటులో పాతిన ఇనుప పైపు దొరికింది, దానికే కట్టాను. వాన నీళ్లు దిగకుండా తాళం కన్నం కిందికి పెట్టాను.

డిస్క్ లాక్ (బ్రేక్ డిస్కుకి వేసే తాళం) కొంటే హ్యాండిల్ దాకా వచ్చే రిమైండర్ కేబుల్ తప్పకుండా తీసుకోండి. లాక్ మర్చిపోయి బండి కదిలిస్తే డిస్కూ, దాన్ని పట్టి ఆపే కాలిపరూ దెబ్బతింటాయి.

బండి ఎక్కడుందో మ్యాప్‌లో చూపించే జీపీఎస్ ట్రాకర్ పర్వాలేదు, కానీ ఘాట్‌లో సిగ్నల్ లేనిచోట మ్యాప్ ఆగిపోయింది. అదొక్కటే నమ్ముకోవద్దు.

ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే ఇచ్చేది) ఒక్కటే ఉంటే బండి పోయినా రూపాయి రాదు. క్లెయిమ్‌కి ఎఫ్ఐఆర్‌తో పాటు బండి తాళంచెవులు రెండూ అడుగుతారు, అందుకే రెండోది ఇంట్లోనే ఉంచాను.

తర్వాత శ్రీశైలం అనుకుంటున్నాం. అక్కడ సత్రాల దగ్గర రాత్రి పార్కింగ్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.