శని, ఆదివారాల కట్టెల పని: సొంత చెలకలో కొట్టి పట్నంలో అమ్మొచ్చా?

శంకర్‌పల్లి చెలక:
శంకర్‌పల్లి దాటాక మాకు కొంత చెలక ఉంది. నాన్నకు చేతకాక ఏళ్ళ తరబడి బీడు పడింది. ఇప్పుడు అంతా సర్కారు తుమ్మే. నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాను, అది మానను. సెలవు రోజుల్లో వెళ్ళి కట్టె కొట్టి, చీల్చి, హైదరాబాద్‌లోనే హలీం బట్టీలకు, పెళ్ళి వంటల వాళ్ళకు అమ్ముదామని ఉంది. చెమటోడ్చే పని నాకిష్టం, నాలుగు డబ్బులూ అవసరమే. కానీ ఇంట్లో సగం మంది "ఎండలకు పట్నం మాడిపోతుంటే చెట్లు కొట్టి అమ్ముతావా" అంటున్నారు. మీరేమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

వేపనీడ:
వద్దంటాను. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల స్థలంలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపేదాకా ఎంతమంది రోడ్డెక్కారో చూశాం. ఆ పక్కనే ఉద్యోగం చేస్తూ మీరు గొడ్డలి పట్టుకుంటానంటే మనసు ఒప్పుకోవడం లేదు. రెండోది పొగ. జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం 2019లో మొదలైంది, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన హైదరాబాద్ కూడా ఉంది. సన్నటి ధూళికి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5. ఇంత తేడా ఉన్నప్పుడు కట్టెల పొగను ఇంకా పెంచడమెందుకు? మా అమ్మ కట్టెల పొయ్యి ముందు దగ్గుతూ వండిన రోజులు నాకు గుర్తున్నాయి.

చేవెళ్ల రైతు:
అమ్మా, పొగ సంగతి నువ్వన్నది నిజమే. కానీ సర్కారు తుమ్మను అడవి అనకుండ్రి. అది ఇక్కడి చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి పందొమ్మిదో శతాబ్దం ఆఖర్ల తెచ్చిండ్రు, తెచ్చిందే కట్టెల కోసం. దాని కింద గడ్డి సుత సక్కగ మొలవది, గొడ్లు కాయలు తిని గింజలు ఊరంతా చల్లుతయి.

తమ్మీ, నువ్వు ముందుగాల ఒకటి తేల్చుకో. నీకు చెలక గావాల్నా, కట్టె గావాల్నా? మొదలు కాడికి కొడితే మోడు నుంచి మళ్ళా పిలకలేస్తది, కొన్నేండ్లకు మళ్ళా కట్టె తయారు. అట్లైతే ఎప్పటికీ జొన్నలు ఎయ్యలేవు. పంట గావాల్నంటే జేసీబీ పెట్టి మోడును వేర్లతోని పీకియ్యాలె. చానమంది కొట్టి అమ్ముకొని, వేర్లు వదిలేసి, మూడేండ్లకు మళ్ళా ఏడుస్తరు.

ఇంకో మాట. సొంత భూమైనా వాల్టా చట్టం 2002 ఉన్నది, నీళ్ళు, భూమి, చెట్ల చట్టమన్నట్టు. చెట్టు కొట్టేటందుకు అనుమతి అడగాలె. ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు పోయి ఏ చెట్టుకు ఏం కాయిదం గావాల్నో, బండి మీద పట్నం తెచ్చెటందుకు ఏం గావాల్నో రాతల తీస్కో. మధ్యల వేప, చింత, మోదుగ ఉంటే ముట్టకు. చిలుకూరు దిక్కు మృగవని నేషనల్ పార్కుల ఎండు పుల్ల సుత ఏరొద్దు, అది 1972 వన్యప్రాణి చట్టం కిందికొస్తది. ఎండిన మాను తొర్రల సుత పానాలుంటయి.

ముల్లు జాగ్రత్త. లోపల ఇరిగిందంటే చీము పడ్తది.

బట్టీ మాస్టర్:
కట్టె కొనే వాణ్ణి కాబట్టి చెబుతున్నా. మాకు దొరికే కట్టెలో సగం పచ్చిది. ఈ వ్యాపారమంతా తూకం మీదే నడుస్తుంది, అసలు రోగం అక్కడే ఉంది. అప్పుడే కొట్టిన కట్టెలో సగానికి దగ్గరగా నీళ్ళే. 100 కిలోల్లో 45 కిలోలు నీరనుకోండి. అది ఆరి 20 శాతానికి దిగేసరికి తూకం 69 కిలోలకు పడిపోతుంది. అంటే నిజాయితీగా ఆరబెట్టి అమ్మినవాడు 31 కిలోల డబ్బు పోగొట్టుకుంటాడు. పచ్చిది తెచ్చి దించినవాడు మాకు నీళ్ళు అమ్మి వెళ్ళిపోతాడు. ఆ నీరు ఆవిరి కావడానికే మంటలో వేడి పోతుంది. దేగ్ (పెద్ద వంట గిన్నె) మరగదు, కళ్ళు మండుతాయి, వీధి వీధంతా పొగ. వేపనీడ గారు చెప్పిన పొగలో పెద్ద భాగం ఈ పచ్చికట్టెదే అని నా గట్టి నమ్మకం.

హలీం రాత్రి ఎక్కిస్తే పొద్దెక్కేదాకా ఒకే తీరు సెగ కావాలి. మంట ఎగిసిపడితే అడుగంటుతుంది. బిర్యానీ దమ్‌కు మూత మీద పెట్టడానికి గట్టి నిప్పులు కావాలి. చింత, తుమ్మ ఇచ్చే నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. సర్కారు తుమ్మ కూడా బాగానే కాలుతుంది, ఆరితేనే.

ఆరబెట్టే తీరు చెబుతా. ముందు చీల్చాలి, బెరడుతో ఉన్న గుండ్రటి మొద్దు లోపల ఆరదు. రాళ్ళ మీద, నేల తగలకుండా పేర్చాలి. పైన మాత్రమే రేకు, పక్కలు గాలికి వదిలేయాలి. చుట్టూ టార్పాలిన్ చుట్టేస్తే బూజు పడుతుంది. కొసలు పగిలి, రెండు ముక్కలు తట్టినప్పుడు ఖంగుమంటే ఆరినట్టు. 2027లో రంజాన్ ఫిబ్రవరిలోనే వస్తుంది. జనవరిలో కొట్టి ఫిబ్రవరిలో అమ్ముదామనుకుంటే కుదరదు, అంతకు ముందు ఎండాకాలమే కొట్టి ఉంచాలి.

కట్టెల దుకాణం వాళ్ళమ్మాయి:
అందరూ చెట్టు గురించి, పొగ గురించి మాట్లాడారు. మనుషుల గురించి నేను మాట్లాడతాను. మాకు కట్టె తెచ్చేవాళ్ళు దీని మీదే బతుకుతారు. కొట్టేవాళ్ళు, మోసేవాళ్ళు, చీల్చేవాళ్ళు. శంకర్‌పల్లి అన్నా, మీకు నెల జీతం వస్తుంది. మీ ఒళ్ళు కష్టానికి మీరు లెక్క కట్టరు, ఎందుకంటే మీకది ఇష్టమైన పని. అందుకే రేటు తగ్గించి ఇస్తారు. మీ దగ్గర చవగ్గా కొన్నవాడు రేపు మా దగ్గరికొచ్చి అదే రేటు అడుగుతాడు. మేం ఆ తగ్గింపు కూలివాళ్ళ మీద వేయాల్సి వస్తుంది. మీరు అమ్మండి, కానీ మీ రోజు కూలి, బండి కిరాయి, ఆరబెట్టిన నెలలు అన్నీ కలిపి రేటు చెప్పండి. అది మా రేటు కంటే ఎక్కువే వస్తుంది. రావాలి కూడా.

శంకర్‌పల్లి చెలక:
ఇంట్లో ఈ మాట ఎవరూ అనలేదు చెల్లెమ్మా. మాస్టర్ గారూ, ఆ మూడో వంతు తూకం నష్టం మీరు భరిస్తారా? ఆరిన కట్టెకు ఎక్కువ రేటు ఇస్తారా?

బట్టీ మాస్టర్:
ఇస్తాను. మూడో వంతు తక్కువ కట్టెతో అంతకంటే మంచి సెగ వస్తుంటే నాకేం నష్టం? కానీ మొదటిసారి పేర్చిన కుప్ప దగ్గరికొచ్చి చూసి, తట్టి తీసుకుంటాను.

వేపనీడ:
నాకింకా ఒప్పుదల లేదు. అయితే సర్కారు తుమ్మ వేళ్ళతో పీకి ఆ చోట కానుగ, వేప పెడతానంటే గొడవ పడను. ఇళ్ళకు మాత్రం అమ్మకండి. గ్యాస్ ఉన్న ఇంట్లో కట్టె పొయ్యి మళ్ళీ వెలిగించాల్సిన పని లేదు.

శంకర్‌పల్లి చెలక:
ఇళ్ళకు అమ్మను, మాట. సగం చెలక పీకించేస్తాను. మిగతా సగం కట్టెకు ఉంచుతాను. చీల్చడం నేను చేసుకుంటా, కొట్టడానికి ఊళ్ళో ఇద్దరిని పెట్టుకుంటా. చెల్లెమ్మా, వాళ్ళకు టన్ను లెక్కన ఇవ్వాలా, రోజు లెక్కనా?

కట్టెల దుకాణం వాళ్ళమ్మాయి:
రోజు లెక్కనే ఇవ్వండి. టన్ను లెక్కన ఇస్తే కొట్టిన సాయంత్రమే పచ్చిదాన్ని తూచాలి. ఆరాక మీకు వచ్చే తూకం వేరు. ఆ తేడా ఎవరి నెత్తిన పడాలని ఏటా మా దుకాణం ముందు జరిగే తగవు ఇదే.