సెకండ్ హ్యాండ్ కారు: కూలెంట్ తగ్గుతోంది, తెల్లపొగ వస్తోంది

ప్రశ్న: ఓనర్ దగ్గర నేరుగా కొన్న పెట్రోల్ కారండీ. వారానికే అర లీటరు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గింది, కింద చుక్క కూడా లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణుకుతోంది, తెల్లపొగ. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ, పైనున్న సిలిండర్ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయినట్టేనా?

జవాబు 1: అనుమానం బలంగానే ఉంది, కానీ పరీక్షించకుండా హెడ్ దింపించకండి. చల్లటి ఇంజిన్ నుంచి కాసేపు వచ్చి ఆగే పొగ మామూలు ఆవిరి. వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తుంటే అది కూలెంటే. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. మిగతావి గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే కూలెంట్ దిగేది ఆ సిలిండర్లోకే. రాత్రంతా దిగిన కూలెంట్ వల్లే పొద్దున వణుకు. తర్వాత కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష): పక్కపక్క రెండు సిలిండర్లలో తక్కువ వస్తే వాటి మధ్య గ్యాస్కెట్ తెగినట్టే. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయండి, లేకపోతే మొహం కాలుతుంది.

జవాబు 2: డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) కూడా చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులో కూలెంట్ కలిసినట్టే, ఇక స్టార్ట్ చేయొద్దు, బేరింగులు అరిగిపోతాయి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్లగా ఉంటే అది చిన్న దూరాలు తిరగడం వల్ల పట్టిన తేమ కావచ్చు.

జవాబు 3: హెడ్ దింపితే అది వంకర పోయిందేమో కొలిపించండి. హెడ్ బోల్టులు బిగిస్తే సాగే రకమైతే కొత్తవే వేయించాలి. లీక్ ఆపే పొడులు పోయకండి, హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) మూసుకుపోతుంది. ఇంజిన్ విప్పకముందే మెకానిక్ రిపోర్టు, ఫోటోలు తీసుకుని అమ్మినవారికి రాతపూర్వకంగా పంపండి. విప్పాక పాత లోపమని నిరూపించడం కష్టం.