కొన్న క్యాప్సికం గింజల నారు: కాయలు అలాగే వస్తాయా?

మాది హనుమకొండ. కూరకు తెచ్చిన ఎర్ర క్యాప్సికం గింజలు, ఎనుమాముల దగ్గర కొన్న చపాటా ఎండుమిర్చి గింజలు (2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ లావు మిర్చే) ట్రేలో నారు పోశాను. పచ్చ క్యాప్సికంలో గింజ ముదరదని దాని జోలికి పోలేదు. రెండూ బాగానే మొలిచాయి. కానీ ఒకే క్యాప్సికం కాయ గింజల్లో కొన్ని మొక్కల కాడ ఊదారంగు, కొన్నిటిది పచ్చ! హైబ్రిడ్ కాబట్టేనా? ఇలా పెంచినవాళ్లకు కాయ ఏ సైజు వచ్చింది?

రెండూ పక్కపక్కన పెడితే పుప్పొడి కలిసి క్యాప్సికం కారమెక్కుతుందని మా అత్తమ్మ ఒకటే టెన్షన్. ఈసారి కాయకు ఏం కాదు, దాని గింజల్లోనే తేడా వస్తుందని నేనంటున్నా. ఎవరిది కరెక్ట్? మన ఎండలకు డాబా మీద పూత రాలకుండా ఎంత శాతం గ్రీన్ నెట్ కట్టాలో కూడా చెప్పండి.