'అసమకాలిక' అంటే పిల్లలకు ఏమర్థమయితది?

ప్రశ్న (హనుమకొండ): డిప్లొమా పిల్లలకు పైథాన్ నోట్సు తెలుగుల తయారు చేస్తున్నం. సింక్రనస్‌కు 'సమకాలిక', అసింక్రనస్‌కు 'అసమకాలిక' అని పెట్టినం. ఏది ఎక్కడ వాడాల్నో పేరు చూస్తేనే కొంత తెల్వాలె. ఈ మాటలు నడుస్తయా?

కాజీపేట: నడవయ్ సార్, తిరగబడ్తయ్. పోతన, శ్రీనాథుడు సమకాలికులు అంటం, అంటే ఒక్క కాలంల ఉన్నోళ్లని. పిల్లగాడు 'సమకాలిక' చూసి రెండు పనులు కలిసి నడుస్తయనుకుంటడు. సింక్రనస్‌ల జరిగేది దానికి ఉల్టా: ఒకటి అయ్యేదాక రెండోది మొదలుకాదు. 'ఆగే పిలుపు', 'ఆగని పిలుపు' అనుండ్రి; పిలుపంటే ఫంక్షన్ కాల్. ఎనుమాముల మార్కెట్ల కాంట అయ్యేదాక బస్తాల కాడనే నిలబడితే ఆగే పిలుపు. టోకెన్ తీస్కొని ఎరువుల దుకాణం పోయొస్తే ఆగనిది. కాంట మాత్రం జల్ది కాదు, అది గూడ చెప్పాలె.

మడికొండ: ఆ చివరి మాటే అసలుది. అయితే 'ఆగని' దగ్గర ఒక చిక్కుంది. అవెయిట్ (ఫలితం వచ్చేదాక ఆగుమని చెప్పే మాట) కాడ ఆ ఫంక్షన్ ఆగుతది. ఆగనిది ఈవెంట్ లూప్, అంటే పనులన్నిటిని వంతులేసి నడిపేది. ఎవరు ఆగుతున్నరో చెప్పకపోతే పిల్లలు అసింక్ డెఫ్ (అసింక్రనస్ ఫంక్షన్) లోపట టైమ్.స్లీప్ రాస్తరు, లేకుంటే వెబ్ పిలుపులకు రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడ్తరు; రెండూ ఆగే పిలుపులే. అప్పుడు లూపే ఆగి, మిగతా పనులన్నీ నిలుస్తయ్. వాటి బదులు ఆగని రకాలు అసింక్ఐఓ.స్లీప్, హెచ్‌టీటీపీఎక్స్ (దాని అసింక్ క్లయింట్) వాడాలె. మార్చలేని పాత కోడ్ ఉంటే, వేరే థ్రెడ్‌ల నడిపే అసింక్ఐఓ.టు_థ్రెడ్‌ల పెట్టాలె; అది పైథాన్ 3.9 నుంచి ఉంది. డీబగ్ మోడ్ పెడితే 100 మిల్లీసెకన్లు దాటి లూప్‌ను పట్టుకున్న పని లాగ్‌ల కనబడ్తది.

నోట్సుల లెక్క గూడ పెట్టుండ్రి. ఒక్కోటి 200 మిల్లీసెకన్లు పట్టే వెబ్ పిలుపులు 100 ఉంటే, వరుసగా 20 సెకన్లు. గ్యాదర్ అనే అసింక్ఐఓ ఫంక్షన్‌తోని అన్నీ ఒక్కసారి పంపితే దాదాపు ఒక్కదానికి పట్టేటంత, అవతలి సర్వర్ తట్టుకుంటే! తట్టుకోదనుకొని సెమాఫోర్ 10 (ఒక్కసారికి పదిటికి మించి పోనియ్యని కట్టడి) పెడితే 2 సెకన్లు. అదే ఫొటోల సైజు మార్చుడో, పెద్ద లెక్కలో అయితే పైసా లాభం లేదు. అక్కడ ఎదురుచూసుడు లేదు, ప్రాసెసర్ ఖాళీగ లేదు, మల్టీప్రాసెసింగ్ (పనిని వేరేవేరే ప్రాసెస్‌లకు పంచుడు) కావాలె.

కాజీపేట: ఒక ఫైల్ చదివి ఒక క్వెరీ నడిపే స్క్రిప్టుకు ఆగే పిలుపే మంచిది. ఒక్క ఫంక్షన్ అసింక్ అయితే దాన్ని పిలిచేటివన్నీ అసింక్ చేసుకుంట పోవాలె. అవెయిట్ మర్చిపోతే పని జరగనే జరగదు, ఒక హెచ్చరిక వచ్చి ఊకుంటది.

ప్రశ్న (హనుమకొండ): మరి అసింక్, అవెయిట్‌లను గూడ తెలుగు చేయాల్నా?

మడికొండ: వద్దు సార్. సీ షార్ప్‌ల 2012ల, పైథాన్‌ల 2015ల, జావాస్క్రిప్ట్‌ల 2017ల అవే మాటలు వచ్చినయ్. పిల్లలు టైపు చేసేది అవే. పాఠం పేరు మాత్రం 'ఆగే పిలుపు, ఆగని పిలుపు' ఉంచి, దాని కిందనే 'ఆగనిది లూప్, ఫంక్షన్ కాదు' అని ఒక్క వరుస రాయుండ్రి.