ఫాల్గ్యేర్‌ను బాల్జాక్ విగ్రహంతోనే తూచాలా?

శిల్పాభిమాని:
ఫ్రెంచి నవలా రచయిత బాల్జాక్ విగ్రహం చేయమని ఫ్రెంచి రచయితల సంఘం 1891లో శిల్పి రోడిన్‌ను కోరింది. 1898లో ఆయన ప్రదర్శించిన నమూనాను తిరస్కరించి, ఆ పనిని మరో శిల్పి అలెగ్జాండర్ ఫాల్గ్యేర్‌కు అప్పగించింది. ఈయన మలచిన కూర్చున్న బాల్జాక్, ఫాల్గ్యేర్ మరణించిన రెండేళ్లకు, 1902లో పారిస్‌లో ఆవిష్కృతమైంది. అందులో తప్పులు కనిపించవు, ప్రాణమూ కనిపించదు. తోటి శిల్పికి అవమానం జరిగిన చోట పని అందుకున్న వ్యక్తిని చరిత్ర పక్కన పెట్టడం న్యాయమే కదా?

ఓరుగల్లు వాసి:
మీ మాటలో రెండు ఆరోపణలు కలిసిపోయాయండీ. మొదటిది ద్రోహం. అది నిలవదు, ఎందుకంటే 1899లో రోడిన్ ఫాల్గ్యేర్ ముఖశిల్పాన్నీ, ఫాల్గ్యేర్ రోడిన్ ముఖశిల్పాన్నీ చేశారు. రోడినే పట్టించుకోని అవమానాన్ని మనం మోయడమెందుకు?

రెండవది ప్రతిభ. 1831లో తులూజ్‌లో పుట్టి, 1859లో యువ ఫ్రెంచి కళాకారులకు ఇచ్చే రోమ్ బహుమతి పొందిన ఫాల్గ్యేర్, 1864లో కోడిపందెం గెలిచి ఒంటికాలిపై పరుగెత్తే కుర్రవాణ్ణి కంచులో నిలబెట్టాడు. 1868లో ప్రాణం విడుస్తున్న క్రైస్తవ అమరవీరుడైన బాలుడు తార్సిసియస్‌ను పాలరాతిలో పడుకోబెట్టాడు. రెండూ నేడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. అంతకంటే నాకు ముఖ్యమైనది నిలవని శిల్పం: 1870 డిసెంబరులో, ప్రష్యన్ సేనలు పారిస్‌ను ముట్టడించి ఉన్నప్పుడు, కోట బురుజుపై కాపలా కాస్తున్న ఫాల్గ్యేర్, ఫిరంగిపై చేతులు కట్టుకుని కూర్చున్న స్త్రీమూర్తిని కొన్ని గంటల్లో మంచుతో మలచి ‘ప్రతిఘటన’గా నిలిపాడు. రచయిత గోతియే దాని గురించి రాశాడు. ఫ్రెంచి కళల అకాడమీ నేర్పే సంప్రదాయ పద్ధతి చేతిని మొద్దుబారుస్తుందనే వారు ఆ మంచుబొమ్మకు ఏం సమాధానం చెబుతారు?

శిల్పాభిమాని:
ఆ మంచుబొమ్మే నా వాదనకు సాక్ష్యం. గిరాకీ లేనప్పుడు, న్యాయనిర్ణేతలు లేనప్పుడు ఆయన చేయి స్వేచ్ఛగా కదిలింది. తర్వాత మైనంలోనూ కంచులోనూ దాన్ని తిరిగి పట్టుకోవడానికి ప్రయత్నించాడు. 1882లో అకాడమీ సభ్యత్వం వచ్చింది, ఆ ఏడే పారిస్ విజయతోరణం మీద భారీ రథసమూహపు ప్లాస్టరు నమూనా ఎక్కింది, అది శిథిలమై 1886లో దిగిపోయింది. 1896లో నర్తకి క్లియో ద మెరోద్ పేరుతో ముడిపడిన నగ్నశిల్పం సంచలనం సృష్టించింది. సంచలనాన్ని మించి అందులో ఏముందో మీరే చెప్పండి.

ఓరుగల్లు వాసి:
ఆ నర్తకిని నేను సమర్థించను. విజయతోరణం విషయంలో మాత్రం, శాశ్వత రూపం ఇవ్వకుండా ప్లాస్టరును నాలుగేళ్లు వానకు వదిలేసిన లోపాన్ని శిల్పి ప్రతిభకు అంటగట్టడం సరికాదు. ఇక బోధన సంగతి చూడండి: 1884లో, తర్వాత పేరుపొందిన శిల్పి బూర్దెల్ చేరింది ఈయన శిక్షణశాలలోనే. అకాడమీ పాఠం ఇమడక ఆ యువకుడు బయటికి వచ్చి, 1893 నుంచి రోడిన్ దగ్గర పనిచేశాడు. కనుక గురువుగా ఫాల్గ్యేర్ గొప్పవాడని నేను అనను. శిల్పిగా ఆయన్ను తూచేటప్పుడు మాత్రం ముసలితనంలో, రోడిన్ నుంచి తీసి తనకిచ్చిన పనికి చేసిన విగ్రహాన్ని కాక, ముప్పై మూడేళ్ల వయసులో చేసిన ఆ కోడిపందెం కుర్రవాణ్ణి త్రాసులో పెట్టాలి.